నారాయణ పక్షి, గుడ్డికొంగ

సోమశిల డ్యామ్ నీళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లంతా నారాయణ పక్షినే ఫొటో తీసుకుంటారు. బూడిదరంగు ఒళ్లు, పొడుగు మెడ, మోకాలి లోతు నీళ్లలో కదలకుండా నిలబడే ఆ దర్జా. గుడ్డికొంగను ఎవరూ పట్టించుకోరు. మట్టిరంగులో పొట్టిగా, బురద అంచున ముడుచుకుని ఉంటుంది. తెల్ల రెక్కలు విప్పి ఎగిరితే తప్ప కంటికి ఆనదు. నాకు మాత్రం ఆ దర్జా పక్షిని చూస్తే ఒళ్లు మండుతుంది.

మా పాత ఊరు ఆ నీళ్ల కింద మునిగింది. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, సమాధి కూడా. మమ్మల్ని తెచ్చి ఆత్మకూరు వైపు కాలనీలో పడేశారు. వానలు ఎగ్గొట్టిన ఏడు, ఎండాకాలంలో నీళ్లు తగ్గి సమాధులు బయటపడతాయి. లోకానికి కరువు, మాకు పండగ. కట్ట మీద నుంచి కొంగలను చూసి లోతు చెప్పడం కాలనీలో అందరికీ అలవాటు. సమాధుల దగ్గర గుడ్డికొంగ వాలిందంటే ఉత్త బురదే, నడిచి పోవచ్చు. నారాయణ పక్షి నిలబడి ఉంటే మోకాలి లోతు, ఇంకొన్నాళ్లు ఆగాలి.

అలాంటి ఒక ఏడు, సమాధుల దగ్గర ఇంకా నారాయణ పక్షే నిలబడి ఉన్నా, నాయన ఆగలేకపోయాడు. ముసలితనం, దానికి తోడు ఆయాసం. "మోకాల్లోతేగా, ఏంది నీ భయం? మా అమ్మకాడికి పోయొస్తా" అంటూ పూలదండ పట్టుకుని దిగాడు. కాసేపటికే గొంతు దాకా మునిగాడు. నేనూ తమ్ముడూ జబ్బలు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చాం. ఆ పాడు పక్షి నిలబడింది నేల మీద కాదు, మునిగిన సమాధి రాయి మీద!

నాయన తడిబట్టలతోనే కూలబడి ఏడ్చాడు. "మా అమ్మ నెత్తిన అది నిలబడుండాదే! నేను పోలేకపోతినే!" కాస్త తేరుకున్నాక నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను ఎండాకాలంలోనే పోవాలని ప్రార్థన చెయ్యమ్మా. నన్ను ఆమె పక్కనే పెట్టండి."

చేశాను. ఉదయగిరి బడిలో పాఠాలు చెప్పడానికి పోయే బస్సులో కూడా కళ్లు మూసుకుని చేశాను. కరువు ఇమ్మని దేవుణ్ణి అడగడం పాపమేమో, అయినా అడిగాను.

నాయన వానల్లో పోయాడు. డ్యామ్ నిండి గేట్లెత్తిన వారమే. ఆ నీళ్లు చూడ్డానికి జనం బస్సులు కట్టుకుని వచ్చారు. మేము నాయనను కాలనీ పక్క రాళ్లబీడులో పూడ్చాం. పాస్టరు గారు కళ్లు మూసుకుని, ముందుగా ఇన్ని నీళ్లిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.