మెరిట్ సీటు

నరసరావుపేట రోడ్డులోని ఆ ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలో సీటు రావాలంటే ఎంట్రన్సులో నెగ్గాలి. నకరికల్లు నుంచి వచ్చిన ప్రత్యూష అలా నెగ్గి వచ్చిన పిల్లే. నూనె రాసి బిగించిన ఒంటి జడ, చూపుడువేలికి వదలని ఇంకు మరక, ఎవరు పలకరించినా కనుబొమలెత్తి ఊరుకునే అలవాటు. చేరిన కొత్తలో లహరి అనే క్లాస్‌మేట్ మెస్‌లో అందరూ వినేట్టు, "దానిది రికమండేషన్ సీటే" అన్నది. పిల్లలంతా నవ్వారు. మర్నాటి నుంచి ప్రత్యూష, లహరి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది. లహరి బోర్డు మీద లెక్క చేస్తుంటే తప్పు ముందే కనిపెట్టేది గానీ చెప్పేది కాదు. చివరి లైను దాకా రానిచ్చి, అప్పుడు చెయ్యెత్తేది. "సార్, రెండో లైనులోనే మైనస్ పోయింది." లహరి మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చేది. ఏడాదంతా ఇదే వరస. చివరికి లహరి ప్రతి లైనూ రెండుసార్లు చూసుకుంటే గానీ కింది లైను రాసేది కాదు.

ఒక మధ్యాహ్నం మెస్‌లో లహరి కంచం పట్టుకుని ప్రత్యూష దగ్గరికొచ్చింది.

"ఇంకెన్నాళ్ళే నన్నిట్టా చంపుతావు? ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఆ మాట ఎక్కడన్నావో అక్కడే నిలబడి చెప్పు. అందరూ వినాల."

లహరి బల్లల మధ్య నిలబడింది. "ప్రత్యూషది మెరిట్ సీటు. నేను అబద్ధం చెప్పాను" అన్నది. చివరి బల్ల దాకా అందరికీ వినపడింది.

ప్రత్యూష సాంబారన్నం కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"వినపడలా. మళ్ళీ చెప్పు" అన్నది.