ఫ్రేము చివర నిలబడిన పిల్ల

2023 మే నెల. నూజివీడు బజారులో నా ఫోటో స్టూడియో. ఈ ఊళ్లో నా కెమెరా ముందుకు రాని కుటుంబం లేదు. సరే, ఉన్నాయి, చాలానే ఉన్నాయి. నేను తీసినవాటిలో సగం పాస్‌పోర్టు ఫోటోలే. కానీ ఒక్క గ్రూపు ఫోటోకి ఇరవై సార్లు క్లిక్ కొట్టింది మాత్రం ఆ రోజే.

ఆగిరిపల్లిలో మామిడి తోటలు కౌలుకు చేసే వెంకట్రావు, భార్య పోయాక మా ఊరి పద్మను చేసుకున్నాడు. అతనికి ఇద్దరు కొడుకులు, ఆమెకు పదేళ్ల కూతురు లాస్య. గోడకు పెట్టుకోవడానికి అందరూ కలిసి ఒక ఫోటో కావాలన్నారు. వెంకట్రావు తల్లి అచ్చమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మిగతావాళ్లను వెనక నిలబెట్టాను. దీన్ని మేం కంపోజిషన్ అంటాం. ఫ్రేములో ఎవరెక్కడుండాలో కుదర్చడం అన్నమాట.

నేను కుదిర్చిన ప్రతిసారీ లాస్య పక్కకు జరిగిపోయేది. కొస దాకా వెళ్లి, అన్నదమ్ములకు మూరెడు దూరంలో ఆగేది. "లోపలికి రామ్మా" అంటే వచ్చేది. నేను కెమెరా దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ అక్కడే.

"తొందరగా కానివ్వండి బాబాయ్‌గారూ, తోటలో కోత నడుస్తోంది" అని వెంకట్రావు.

"ఏవయ్యా, నువ్వు తీసేలోగా కాయలన్నీ చెట్టునే పండిపోయేట్టున్నాయి" అని అచ్చమ్మగారు.

లైట్ల వేడికి పద్మ పౌడరు కారిపోతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఒకచోట నిలబడవేంటే పిల్లా?"

"నేను చివరే ఉంటాను తాతయ్యా. తర్వాత తీసెయ్యాలంటే మీకు తేలిక కదా" అంది లాస్య.

పద్మ తల దించుకుంది. నాకప్పుడు గుర్తొచ్చింది. లాస్య తండ్రి వాళ్లను వదిలేసి వెళ్లాక, పద్మ ఒక పాత ఫోటో తెచ్చి అందులోంచి అతన్ని తీసెయ్యమంది. క్రాప్ చేశాను. అంటే అక్కర్లేని అంచు కోసెయ్యడం. "చివరున్నవాళ్లతో ఇదే సుఖం" అని జోకు కూడా వేశాను. పక్కన స్టూలు మీద కూర్చుని ఈ పిల్ల చూస్తూనే ఉంది.

వెంటనే లాస్యను చెయ్యి పట్టి తెచ్చి మధ్యలో నిలబెట్టానని ఆ తర్వాత చాలామందికి చెప్పాను. అబద్ధం. నేను చేసిందల్లా, శుభ్రంగా ఉన్న లెన్సును మళ్లీ తుడవడం. కదిలింది అచ్చమ్మగారే.

"ఇట్రా. నా పక్కన నిలబడి నా భుజం మీద చెయ్యి వెయ్యి. గట్టిగా." అని, నా వైపు తిరిగారు. "ఏవయ్యా, ఇప్పుడు దీన్ని కొయ్యాలంటే?"

"మీ భుజం కూడా పోతుందండీ."

"విన్నావుగా" అన్నారు లాస్యతో. "నా భుజం జోలికొచ్చే మొనగాడు మా ఇంట్లో లేడు."

అప్పుడు కొట్టింది తొమ్మిదో క్లిక్. ఇరవై అని పైన రాశాను, నా విసుగును కూడా కలుపుకున్నాను. చిన్నవాడు కళ్లు మూసుకున్నాడు. అయినా మళ్లీ తియ్యమని ఎవరూ అనలేదు.

అప్పటినుంచీ గ్రూపు ఫోటో తీసే ముందు చివర ఎవరున్నారో చూసి, వాళ్ల చెయ్యి పక్కవాళ్ల భుజం మీద వేయిస్తున్నాను. ఎందుకని అడిగితే, కంపోజిషన్ అంటాను.