మంచులో పోసిన టీ

మధ్యాహ్నం రెండింటికి మూడో నంబరు సైనిక పోస్టుకు చేరాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. గాలి మొహాన్ని కోస్తోంది. వీపున ఇరవై కిలోల మూట, చేతిలో కిరోసిన్ డబ్బా. నేను వంటవాణ్ణి. ఎనిమిదో తరగతి పాసైనట్టు కాగితముంది గానీ అక్షరం ముక్క రాదు. సెలవు ముగించుకుని వచ్చేటప్పుడు నా భార్య ఒకటే మాటంది: "ఈసారి తాగొచ్చావంటే గడప తొక్కనీను."

వైర్‌లెస్ ఆపరేటర్‌ది మాచర్ల. నాకంటే పన్నెండేళ్లు చిన్న. సాయంత్రం ఆరింటికి హవల్దారు రమ్ము కొలిచి పోసేవాడు. ఆపరేటర్ ముట్టడు. ఒకప్పుడు పీకలదాకా తాగినవాడేనట. వాడి వంతూ నేనే తాగేవాణ్ణి. తాగుతూనే వాణ్ణి చూసి ఓర్వలేకపోయేవాణ్ణి. నేను నాలుగింటి నుంచే గడియారం చూస్తాను. ఆ వేళకు వాడు బూట్లు తుడుచుకుంటూ ఈల వేస్తాడు. వాడూ నాలాంటివాడేనని తేలితే చాలనిపించింది.

ఒకరోజు మంచు తుఫాను. నాలుగింటి టీలో, వాడి మగ్గులో, ముందురోజు దాచిన రమ్ము రెండు మూతలు కలిపాను. వాడు మూతి దగ్గర పెట్టి ఆగాడు. రేడియోలో కింది పోస్టు పిలిచింది.

"మూడూ, వాతావరణం చెప్పు."

"మంచు. చూపు పది గజాలు. ఓవర్."

లేచి బయటికెళ్లి టీ అంతా పారబోశాడు.

"ఏంది బాబాయ్, నా మీద ఇంత కడుపుమంటా?"

"నీకు తాగాలనుండదా ఏందిరా?"

"చానా ఉండేది. నీలాగే గడియారం చూసేవోణ్ణి. మూడుసార్లు మానేసి మూడుసార్లు పడ్డా. ఎవురో నా నోటికాడిది లాక్కున్నట్టుండేది. ఇప్పుడు అది నాది కాదనుకున్నా. పక్కోడి చెప్పులు చూస్తే నీకు తొడుక్కోవాలనిపిస్తదా?"

"బాగుంటే అనిపిస్తది."

నవ్వాడు. "అందుకే నీకు ఆరింటికి పని కావాల. రేపట్నుంచి పలక పట్టు, అక్షరాలు నేర్పుతా."

రేషన్ పెట్టె మూతే పలక. బలపానికి బదులు బొగ్గు. తాగుడు మానిన మొదటివారం చెమటలు, వణుకు. 'అ' కూడా నిలబడలేదు. మందులిచ్చే జవాను పక్కనే కూర్చున్నాడు. తర్వాత రెండుసార్లు మళ్లీ తాగాను. ఆపరేటర్ తిట్టలేదు. దానికి నాకింకా మండింది.

ఏడు నెలలకు కిందికి దిగాం. వినుకొండ బస్టాండులో దిగేసరికి సాయంత్రం ఆరు. బ్రాందీ షాపు ముందు జనం. చూడకూడదనుకుంటూనే చూశాను. ఆగకుండా ఇంటికి నడిచాను. గడపలో నా భార్య నా నోటి దగ్గర వాసన చూసింది.

"సరే, కాళ్లు కడుక్కో," అంది.

అప్పట్నుంచి తాగలేదు. కానీ ఆరయితే నాకింకా తెలుస్తుంది. ఆపరేటర్‌కి తెలియదు. అందుకే వాడి మీద నాకిప్పటికీ అసూయ.

ఆ రోజు మంచులో వేడి టీ పడ్డచోట గోధుమరంగు గుంట పడింది. వాడు వెనక్కి చూడకుండా లోపలికెళ్లాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆ గుంట మీదికి వంగి, వాసన చూశాను.