ఖాళీ అనుకుని తీసేశాను

మా వారు సైన్యంలో పనిచేస్తారు. ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్‌లో ఉంటాం. బదిలీ అయిన ప్రతిసారీ ఖాళీ డబ్బాలు ఏరి పారేయడం నాకు అలవాటు.

నలభై ఆరేళ్ల వయసులో కంప్యూటర్ క్లాసులో చేరాను. మా అమ్మాయి తన లాప్‌టాప్‌లో చోటు చాలట్లేదంటే, క్లాసులో చూపించిన సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ తెరిచాను. డిస్క్‌లో అరలాంటిది, పేరైనా లేని చిన్న పార్టిషన్ ఒకటి ఖాళీగా కనిపించింది. డబ్బా పారేసినట్టే తీసేశాను.

మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర! ఆ సాయంత్రమే అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు ఇవ్వాలి. నేను చేసిన పని మాత్రం దాచాను.

బేర్ సరాయ్‌లోని రిపేరు షాపుకి పరుగెత్తాం. ఆన్ చేయగానే విండోస్‌ని నిద్రలేపేది ఆ పార్టిషనేనట. "కిస్‌నే ఉడాయా?" ఎవరు తీసేశారని గద్దించాడు షాపతను. నేను తల దించుకున్నాను.

"మైనే, భయ్యా," అంటూ తప్పు తన మీద వేసుకుంది అమ్మాయి.

గంటలో అతను దాన్ని మళ్లీ తయారుచేశాడు. ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

ఆటోలో అడిగాను, "నేనే చేశానని నీకు తెలుసా?"

ఎప్పుడూ హిందీలోనే జవాబిచ్చే పిల్ల తెలుగు కూడదీసుకుంది. "తెలుసు మమ్మీ. అక్కడ నీ పేరు చెప్తే సిగ్గుపడి నువ్వు క్లాస్ మానేస్తావు."

మానలేదు. మర్నాడు క్లాసులో అందరి ముందూ చెయ్యెత్తి, నా నిర్వాకం నేనే చెప్పాను.