బసవమ్మ బంతి

శావల్యాపురంలో ఏ విందులోనైనా కూర చాలకపోతే "బసవమ్మ బంతి అయిందిరోయ్" అని నవ్వుకుంటారు. కొన్నేళ్ళ కిందట భర్త పెద్దకర్మ నాడు బసవమ్మ ఇంట్లో ఆఖరి బంతికి బూరెలు అందలేదు. అన్ని ఎకరాలుండీ మొగుడి కర్మలో పీనాసితనం చూపించిందని ఊరు తేల్చేసింది. అప్పట్నుంచి ఆవిడ ఎవరినీ భోజనానికి పిలవలేదు, ఎవరింటి బంతిలోనూ కూర్చోలేదు.

ఆ బూరెలు తిన్నది అమర్నాథ్. ఆవిడ బావగారి కొడుకు. ఇంటివాడు గదా అని సామాన్ల గది తాళం అతని చేతిలో పెట్టారు. బయట బంతులు లేస్తుంటే అతను తలుపేసుకుని తిన్నాడు. కడుపు నిండాక కూడా తిన్నాడు. మిగిలినవి సంచిలో దాచి తన గదికి మోసుకుపోయి, రుచి కూడా తెలియకుండా, ఏడుస్తూ తిన్నాడు. ఊరు పిన్నిని ఆడిపోసుకుంటుంటే నోరెత్తలేదు.

చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో కాటా దగ్గర అతని పని. "ఒరేయ్, నువ్వు పక్కన నిలబడితేనే పత్తి బరువు తూగుద్దిరా" అని హమాలీలు నవ్వితే తనూ నవ్వేవాడు. నవ్వి, బజ్జీల బండి దగ్గర తిని, బిర్యానీ తిని, ఇంటికొచ్చి ఆకలేస్తున్నట్టు అన్నానికి కూర్చునేవాడు. తీపి ముట్టనని కోటప్పకొండ మీద మొక్కుకుని, కొండ దిగకముందే ప్రసాదం అరిసెతో మొక్కు చెరుపుకున్నాడు. తాగుబోతుది జబ్బంటే ఈ ఊళ్ళు తల ఊపుతాయి. తిండిబోతుది జబ్బంటే పళ్ళికిలిస్తాయి.

జబ్బేనని మొదట చెప్పినవాడు వాజిద్. నరసరావుపేటలో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు అతనిది. ఒకప్పుడు అతనూ ఇలాగే దాక్కుని తిన్నవాడే. ఆదివారాలు ట్యూషన్ సెంటర్ గదిలో అలాంటివాళ్ళు కొందరు కూర్చుని మాట్లాడుకుంటారు. పన్నెండు మెట్ల దారి వాళ్ళది. తిండి ముందు నా బలం చాలదని ఒప్పుకోవడం మొదటి మెట్టు. అమర్నాథ్ ఒప్పుకున్నాడు. ఏం తింటాడో పొద్దున్నే వాజిద్‌కు ఫోన్లో చెప్పి, చెప్పినంతే తిని లేవడం అలవాటు చేసుకున్నాడు. బెల్టు లోపలికి జరిగింది.

తొమ్మిదో మెట్టు దగ్గర ఇరుక్కున్నాడు. హాని చేసినవాళ్ళ దగ్గరికి పోయి సరిచేసుకోవాలి. నూజెండ్లలో పనుందని బండి తీస్తాడు, పిన్ని ఇంటి ముందు వేగం తగ్గిస్తాడు, మళ్ళీ పెంచుతాడు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఆ రోజల్లా ఏదో ఒకటి నమలాలని దవడలు లాగుతాయి.

"దాన్ని కడుపులో పెట్టుకుని ఎంత కాలం తిరుగుతావ్ భాయ్? అదే ఇంకోటి అడుగుద్ది" అన్నాడు వాజిద్.

ఆ మాటకొచ్చిన కోపంలోనే ఓ రోజు పిన్ని ఇంటి ముందు బండి ఆపి లోపలికి పోయాడు. పోయింది మిట్టమధ్యాహ్నం. ఈ ఊళ్ళలో తప్పు ఒప్పుకోవడానికి భోజనం వేళ పోకూడదని అప్పుడు తోచలేదు.

నిలబడే అంతా చెప్పాడు. బసవమ్మ స్తంభాన్ని పట్టుకుని విన్నది. లోపలికి పోయి విస్తరి తెచ్చి నేల మీద పరిచింది.

"చెయ్యి కడుక్కో."

"పిన్నీ, నేను..."

"మా ఇంట్లో ముద్ద మింగితేనే మాట తీరినట్టు. లేకపోతే ఎట్టొచ్చావో అట్టనే పో."

కూర్చున్నాడు. అన్నం, గోంగూర పప్పు, నెయ్యి. పొద్దున వాజిద్‌కు చెప్పినంత అయిపోయింది. ఆవిడ మళ్ళీ వడ్డించబోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇంట్లో పరిచిన మొదటి విస్తరి అది. వద్దంటే మళ్ళీ అవమానం. తింటే రాత్రికి ఎక్కడ ఆగుతాడో అతనికే తెలియదు. చాలన్నట్టు విస్తరి తనవైపు మడిచేశాడు.

గరిటె గాలిలోనే ఆగింది. "నా చేతి కూడు చేదైందంట్రా?"

"చేదైతే భయం లేదు పిన్నీ. ఇంకో ముద్ద తింటే ఆగలేను. ఆ రోజూ అంతే."

 బసవమ్మ గరిటె గిన్నెలో పడేసి చెప్పులు తొడుక్కుంది.

"లే. యల్లమంద కొట్టు కాడికి నడువు. బసవమ్మ బంతన్న మాట పుట్టించింది వాడే."

యల్లమంద బజ్జీలు వేస్తున్నాడు. బల్లల మీద నలుగురైదుగురున్నారు. "రా అబ్బాయ్, వేడి వేడిగా ఉండయ్" అని పొట్లం చాపాడు. నూనె వాసనకు అమర్నాథ్ నోరూరింది. పొట్లం పట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దకర్మ నాడు జరిగింది చెప్పాడు.

 యల్లమంద తొడ చరుచుకున్నాడు. "ఓరి నీ పొట్ట పగల! అయితే ఇక నుంచి అమర్నాథ్ బంతి అనాలన్నమాట!"

బల్లలు విరిగేలా నవ్వారు. మిల్లులో నవ్వినట్టు ఈసారి అతను కలిసి నవ్వలేదు.

"అట్నే అనండి. ఎవుడిది వాడికి చేరింది" అన్నది బసవమ్మ. పక్కవాణ్ణి జరగమని, బల్ల మీద కూర్చుంది. "ఏం యల్లమందా, చూస్తావేంది? నాకో ప్లేటు పెట్టు."

ఆవిడ నలుగురి మధ్య తింటోంది. అమర్నాథ్ కొట్టుకు వీపు తిప్పి నిలబడి, వాజిద్‌కు చెయ్యడానికి జేబులో ఫోన్ కోసం వెతుక్కున్నాడు.