జమున బుట్టలో ఉప్పునీళ్లు

జమున మాట్లాడటం మానేసిందన్న కబురు నాకు మొదట తెచ్చింది అల్లం చేనులో నాతో కలుపు తీసే లక్ష్మి. అప్పటికి మేము వేరుపడి జహీరాబాద్ వచ్చేశాం. అయ్యో పాపం అన్నాను. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. ఏళ్లుగా మోస్తున్నాను. ఇక మోయలేక మీకు చెప్పుకుంటున్నాను.

జమున నా తోటికోడలి కూతురు. మా తండాలో తీజ్ పండక్కి పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ నీళ్లు పోసి పెంచుతారు. మొలక ఏపుగా వస్తే ఆ పిల్ల బతుకు పచ్చగా ఉంటుందని నమ్మకం. ఆ ఏడు జమున బుట్టలో నేను మట్టి నింపబోతే తోటికోడలు అందరి ముందూ నా చెయ్యి నెట్టేసింది.

"నువ్వు ముట్టకు. నీ కడుపే పండలే, నా బిడ్డ బుట్టేం పండుతది?"

ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు అందరూ చెరకు చేలకు పోయాక ఆ బుట్టలో ఉప్పునీళ్లు పోశాను. మేరమ్మ తల్లికి దండం పెట్టుకుని మరీ పోశాను. ఏ తల్లి వింటుంది అలాంటి దండం?

మొలకలు వాలి ఎండిపోయాయి. తోటికోడలు ఏడ్చింది. నాకు లోపల తియ్యగా ఉంది. అబద్ధమెందుకు, ఇప్పటికీ తలుచుకుంటే ఉంటుంది. ఆమెను నేను మన్నించలేదు.

కానీ ఆ ఏడుపు కూతురి మీదికే తిరుగుతుందని ఎందుకు అనుకోలేదు? దూడ చచ్చినా, అల్లం కుళ్లినా, నీ నసీబు బుట్టలోనే తెలిసిందని తల్లి దెప్పేది. తండ్రి ఆపేవాడు కాదు. పిల్ల కంచం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేది. పిన్నినని నన్ను కాకీ అని పిలిచేది. ఒకనాడు అడిగింది.

"కాకీ, నేను నీళ్లు మంచిగనే పోసిన గద?"

"పోసినవ్ బిడ్డా."

"మరి నాదొక్కటే ఎందుకు ఎండింది?"

నేను చాట తీసుకుని బియ్యం చెరిగాను.

జమున మాట మానేశాక దవాఖానకు తీసుకుపోతే, కబురు విని నేనూ పోయాను. అక్కడ డాక్టరమ్మ, ఇంట్లో ఈ పిల్లను ఏమంటున్నారని అడిగింది. అందరం నేల చూశాం. నేనూ చూశాను. నిజం చెబితే తోటికోడలి ముందు తల వంచాలి. ఆ పంతానికి పిల్లను బలిపెట్టాను. ఆమె ఇప్పటికీ మాట్లాడదు.

బడికి పోని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన నాయన రుణం తీరనిది. ఆ అక్షరాల పుణ్యమే ఈ నాలుగు మాటలు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

నన్ను మన్నించమని అడగను. జమునను గుర్తుంచుకోండి. ఆ పిల్ల నీళ్లు మంచిగానే పోసింది.