ఊరి పేరు చెప్పని సారు

మా ఇంటి ఓనరు సారు మొన్న ఆదివారం పొద్దున చనిపోయారు. నేను నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉన్నాను. సారు భార్య వరండాలోకి వచ్చారు. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. "అమ్మాయ్, మీ సారు లేవట్లేదే" అన్నారు, కాఫీ చల్లారిపోతోందని చెప్పినంత మామూలుగా. నేను లోపలికి వెళ్ళి చూశాను. రేడియో మోగుతూనే ఉంది. సారు పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. కాస్త వినిపించే ఒక్క చెవీ దిండు మీద ఉంది.

సాగనంపడానికి సినిమా ఆఫీసుల నుంచి కూడా కొందరు వచ్చారు. గేటు బయట చెప్పులు విడుస్తూ ఒకాయన పక్కాయనతో, "మంచి మనిషేనండీ. పాపం, తుఫాను ఎక్కడొస్తుందో మాత్రం చెప్పడం చేతకాలేదు" అన్నాడు. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. నేను అక్కడే కొంగు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాను. మగవాళ్ళ మధ్య నోరు విప్పడం నాకు అలవాటు లేదు. అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

సారు వాతావరణ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా సముద్రం పక్క ఊళ్ళలోనే గడిచింది. ఆ తర్వాత ఫిల్మ్ నగర్ చివర, షేక్‌పేట మొదలయ్యేచోట బండరాళ్ళ మధ్య స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. వెనకవైపు గదిలో మేము కిరాయికి దిగాము. అప్పటికి నా పెళ్ళై ఏడాది కూడా కాలేదు. నా భర్త సినిమాల్లో లైట్‌మ్యాన్. పెద్ద పెద్ద లైట్లను మోసి, చెప్పినచోట నిలబెట్టి, చెప్పినవైపు తిప్పే పని. నేను షేక్‌పేటలోనే పుట్టాను, అక్కడే ఐదో తరగతి దాకా చదివాను. సముద్రాన్ని సినిమాలో తప్ప చూడలేదు.

సారు వరండా గోడకు బంగాళాఖాతం మ్యాపు ఉండేది. సముద్రంలో ఎక్కడైనా వాయుగుండం పుట్టిందంటే సారుకు అన్నం సయించేది కాదు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో చెవికి రేడియో గరగరలో మాటలు తెలిసేవి కావు. అందుకని వార్తలప్పుడు నన్ను పిలిచేవారు. రేడియోలో చెప్పింది చెప్పినట్టు నేను గట్టిగా అప్పజెప్పాలి. "మచిలీపట్నానికి తూర్పు ఆగ్నేయంగా" అని రేడియో అంటే, నేను గొంతెత్తి మచిలీపట్నానికి తూర్పు ఆగ్నేయంగా అనాలి. మొదట్లో ఆ గొంతు ఎవరిదో అన్నట్టు నాకే సిగ్గేసేది. మెల్లగా అలవాటైంది. గోడ రాతిది, గుండుసూది దిగేది కాదు. తుఫాను ఉన్నచోట గుర్తు పెట్టడానికి నా స్టిక్కరు బొట్లు ఇచ్చాను. సారు వాటిని పూటకొకటి చొప్పున అంటించేవారు.

మ్యాపు మీద గీతలు నాకు అర్థం కాలేదంటే ఒకరోజు నా చీర చూపించి, "గళ్ళ చీర కట్టుకున్నావుగా. నిలువు గీత ఒకటి, అడ్డగీత ఒకటి చెబితే చీరలో ఏ గడో చెప్పలేవూ? సముద్రానికి కూడా మనం గళ్ళు గీసుకున్నాం, అంతే" అన్నారు. ఐదో తరగతిలో మా పంతులు బెత్తంతో చెప్పలేనిది అలా వచ్చేసింది.

అమ్మ మాత్రం సారును ఆటపట్టించేవారు. "ఈయన రేపు వాన అన్నారంటే నేను వడియాలు పెట్టేస్తానమ్మా, బ్రహ్మాండంగా ఎండుతాయి" అనేవారు.

"పెట్టుకో. తడిస్తే పులుసులో వెయ్యి" అనేవారు సారు.

సినిమావాళ్ళు ఆయన దగ్గరికి జాతకం చూపించుకోవడానికి వచ్చినట్టు వచ్చేవారు. పళ్ళు, తమలపాకులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, శుక్రవారం అవుట్‌డోర్ పెట్టుకుంటే వాన పడుతుందా, పడదా అని అడిగేవారు. పడుతుంది అనో పడదు అనో ఒక్క మాట వాళ్ళకు కావాలి. సారు "పదింట ఆరు పాళ్ళు పడొచ్చు" అనేవారు. వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. "ముహూర్తం పెట్టేవాణ్ణి కాదు బాబూ, మబ్బు చూసేవాణ్ణి" అని పళ్ళు మాత్రం తీసుకునేవారు. అరటిపళ్ళంటే సారుకు ఇష్టం.

ఒక ఏడు వానాకాలం వెళ్ళాక నరసాపురం అవతల సముద్రపు ఒడ్డున ఒక సినిమాకు జాలరిపేట సెట్టు వేశారు. హీరో, డైరెక్టరు ఊళ్ళో లాడ్జిలో ఉన్నారు. లైట్లకు కాపలాగా లైట్‌మ్యాన్లు మాత్రం ఇసుకలోనే, తాటాకు పాకల్లో పడుకునేవారు. వాళ్ళలో నా భర్త ఒకడు. అప్పుడే సముద్రంలో తుఫాను పుట్టింది.

ఒంగోలుకు, మచిలీపట్నానికి మధ్య తీరం దాటవచ్చని రేడియో చెప్పింది. నేను అప్పజెప్పాను. సారు బొట్టు అంటించి, అంతకుముందు అంటించిన బొట్లను చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

"మీ ఆయన ఎక్కడున్నాడన్నావు?"

"నర్సాపురం దాటినంక, సారు. ఒడ్డు మీదనే. పన్నెండు మంది ఉన్నరు."

సారు లేచి చొక్కా వేసుకున్నారు. "పద" అన్నారు.

ఆ సినిమా కంపెనీ ఆఫీసు మా వీధి పైనే. మేనేజరు సారును చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు. మర్యాదకేం తక్కువ చేయలేదు.

"మనకేం భయంలేదు సార్. మచిలీపట్నం కింద దాటుతుందంటున్నారు. మన సెట్టు ఇంకా పైనుంది కదా" అన్నాడు.

"పైన ఉండటమే భయం" అన్నారు సారు. "మన తీరంలో తుఫాను దాటేచోటికి దక్షిణాన గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. ఉత్తరాన సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. నీ సెట్టు ఉన్నది ఉత్తరాన. పైగా ఇది ఇంకాస్త పైకి తిరిగేలా ఉంది. పాకల్లో ఉన్నవాళ్ళను ఈ పూటే మెరక ఊరికి పంపించెయ్యి."

"అయితే కరెక్టుగా ఏ ఊళ్ళో దాటుతుందో చెప్పండి సార్. ప్రొడ్యూసరు గారికి చెప్పాలి కదా."

"ఊరు చెప్పను."

మేనేజరు గోడమీది క్యాలెండరు పక్కనున్న ఆంధ్రదేశం మ్యాపు చూపించాడు. "పోనీ వేలు పెట్టి చూపించండి."

"వేలు పెట్టలేను, చెయ్యి పెడతాను" అని సారు అరచేయి మొత్తం తీరం మీద ఆనించారు.

మేనేజరు నవ్వాడు. "మీ చేతికింద సగం కోస్తా ఉంది సార్!"

"అందుకే సగం కోస్తాకీ చెప్పాలి. ఊరి పేరు చెబితే పక్క ఊరు నిద్రపోతుంది నాయనా. తుఫాను రైలు కాదు, స్టేషనులో ఆగడానికి."

ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మేనేజరు చేతులు జోడించి, "ఒక్కరోజు షూటింగ్ ఆగితే ఏమవుతుందో మీకు తెలీదు సార్" అన్నాడు. సారు నావైపు చూశారు. నేను నేలవైపు చూస్తున్నాను. బయటికొచ్చాక ఆయన, "నేను చెప్పాల్సింది చెప్పాను. మీ ఆయనకు నువ్వు చెబుతావా, ఊరుకుంటావా?" అని మాత్రం అడిగారు. చెప్పమని అనలేదు.

సెట్టుకు దగ్గరి ఊళ్ళో ఒక రైసుమిల్లుకు ఫోనుండేది. అవసరం పడితే చేయమని నా భర్త ఆ నంబరు ఇచ్చి వెళ్ళాడు. నేను అదివరకు ఫోను ముట్టుకోలేదు. ఎస్టీడీ బూతులో సారు నంబరు తిప్పి రిసీవరు నా చేతికిచ్చి, బయటికి వెళ్ళి నిలబడ్డారు. మిల్లువాళ్ళు మనిషిని పంపించారు. మళ్ళీ చేసేసరికి నా భర్త రొప్పుతూ వచ్చాడు.

"ఏమైంది? ఎవరికన్న పాణం బాగలేదా?"

"అందరం మంచిగున్నం. మీరే జర లైట్లు లారీల ఎక్కించుకొని ఊరు దిక్కు పోండి. తుఫాను వస్తది."

"పిచ్చి లేసిందా? గీడ ఎండ పెటపెట కొడుతుంది. మేనేజరు చెప్పకుంట ఎట్ల పోతం?"

"ఎండ కొట్టనీ."

"సారు చెప్పిండా?"

"సారు చెప్పిండు. నేను గూడ చెప్తున్న."

"ఏ ఊర్ల వస్తదంట?" అన్నాడు.

"ఊరు లేదు. ఆ ఒడ్డు మొత్తం. నీకు పని కావాల్నా, నేను కావాల్నా?"

అంత మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. అవతల నవ్వు వినిపించింది. "సరే తీ. ఉన్నది ఒక్కతివే" అని ఫోను పెట్టేశాడు. ఆ మధ్యాహ్నమే లైట్‌మ్యాన్లందరూ లైట్లు లారీకెక్కించుకుని, ఎత్తు మీదున్న ఒక ఊరి బడికి వెళ్ళిపోయారు. మేనేజరు మనుషులు ఎంత అరిచినా దిగి రాలేదు.

తుఫాను రాలేదు. కిందికి జరిగి, నెల్లూరు కూడా దాటి, ఎక్కడో తమిళదేశంలో తీరం దాటింది. నరసాపురంలో చినుకు పడలేదు. జాలరిపేట సెట్టులో తాటాకు కూడా లేచిపోలేదు. హీరో మేకప్పు వేసుకుని వస్తే ఒడ్డున ఒక్క లైటూ లేదు. లైట్‌మ్యాన్లందరినీ పనిలోంచి తీసేశామని కంపెనీ కబురు పంపింది.

నేను ఏడుస్తూ కూర్చున్నాను. సారు మళ్ళీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళారు. ఈసారి ఆయన పిలవకుండానే నేను వెంట వెళ్ళాను. మేనేజరు కుర్చీ వేయించలేదు. సారు నిలబడే చెప్పారు.

"అది పైకి తిరుగుతుందనుకున్నాను. కిందికి పోయింది. ఆ అంచనా తప్పింది. ఖాళీ చెయ్యమనడం తప్పు కాదు. రేపు అలాంటిదే వస్తే, మళ్ళీ ఇదే చెబుతాను."

"అయితే ఈసారి మా ఆఫీసుకు చెప్పకండి సార్, దండం పెడతాను."

"మీకు చెప్పను. ఇసుకలో పడుకునేవాళ్ళకే చెబుతాను" అని వెనక్కి తిరిగారు. దారిలో చెప్పిన మాట ఇది: "రాని తుఫానుకు పరిగెత్తినవాడు నవ్వులపాలవుతాడమ్మా. వచ్చిన తుఫానుకు పరిగెత్తనివాడు నవ్వడానికే ఉండడు."

ఆ తర్వాత నా భర్తకు కొన్నాళ్ళు పని దొరకలేదు. మా బంధువులు కూడా, ముసలాయన మాట విని కూటికి ఎసరు పెట్టుకున్నారని అన్నారు. అననీ. ఇంకో కంపెనీలో పని దొరికింది. ఆ తర్వాత కోస్తా షూటింగులకు వెళ్ళే లైట్‌మ్యాన్లు, బోరబండ నుంచి వచ్చేవాళ్ళయినా సరే, ముందు మా గేటు దగ్గర ఆగి, "సారూ, చెయ్యి యాడ పెడ్తరు?" అని అరిచేవారు. ఎగతాళిగానే అరిచేవారు. కానీ జవాబు వినకుండా ఎవ్వరూ కదిలేవారు కాదు. గేటు దగ్గర ఆ మాటన్న పెద్దమనిషికి ఈ సంగతి తెలియదు. ఆయన ఏనాడూ ఇసుకలో పడుకోలేదు.

ఎక్కడ దాటుతుందో సారు చెప్పలేకపోయారు, నిజమే. ఎవరు లేచి వెళ్ళాలో చెప్పారు. నా భర్త ఆ రోజు ఒడ్డున ఉండి ఉన్నా బతికే ఉండేవాడు, అదీ నిజమే. అది తెలిసిన తర్వాత కూడా, ఈ పూట అదే ఫోను చేయాల్సి వస్తే నేను చేస్తాను. ఈసారి సారు నంబరు తిప్పి ఇవ్వక్కరలేదు.

లైట్లు తీసుకుని ఆ లారీ తిరిగొచ్చిన సాయంత్రం సంగతి చెప్పాలి. పని పోయినవాళ్ళలా లేరు ఎవరూ. లైట్ల మధ్య కూర్చుని పాటలు పాడుతూ వచ్చారు. సారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. లారీ ఆగీ ఆగకముందే పైనుంచి మొదలుపెట్టారు.

"సారూ, తుఫాను యాడ వోయింది? తొవ్వ తప్పిందా?"

"మా అంగీ గూడ తడ్వలే సారు!"

"ఏం సారు, మేమే తప్పి పోయినమా, తుఫానే తప్పి పోయిందా?"

నా భర్త సిగ్గుపడి వాళ్ళను గదమాయిస్తున్నాడు. సారు మెడ పైకెత్తి ఆ చివర నుంచి ఈ చివరకు చూస్తున్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆయన లెక్కపెడుతున్నారని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఒకసారి చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అప్పుడు ఆయన ముఖం మారిపోయింది.

"పన్నెండోవాడేడిరా?" అన్నారు.

అరుపులు ఆగిపోయాయి. అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. లైట్ల వెనక, చుట్టలు చుట్టి పడేసిన కేబుళ్ళ మీద నుంచి ఒక కుర్రాడు తల పైకెత్తాడు. చెంప మీద కేబులు అచ్చు పడి ఉంది.

"ఏంది సారు?" అన్నాడు నిద్రమత్తులో.

"ఏంలేదు, పడుకో" అన్నారు సారు.

వాడు మళ్ళీ తల వాల్చాడు. లారీ కదిలి మలుపు తిరిగేదాకా సారు గేటు పట్టుకునే నిలబడ్డారు. వెనక పలక మీంచి వేలాడుతున్న ఆ కుర్రాడి కాళ్ళు, ఇసుక అంటిన కాళ్ళు, లారీ ఊగినప్పుడల్లా ఊగుతూ వెళ్ళిపోయాయి.